రాతి మీద కారణం

పద్దెనిమిదో అంశం వచ్చేసరికి పన్నెండు దాటింది. సభ మొదలైంది పొద్దున తొమ్మిదింటికి. రోడ్లు చదును చేసే బండి కొత్తది కొనాలా, పాతదానికే మరమ్మతు చేయించాలా అని గంటన్నర కొట్టుకున్నారు. మార్చి మొదటి మంగళవారం అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఏ ఊళ్ళో చూసినా ఇదే తంతు. ఊరంతా బడి హాల్లో ఇనప కుర్చీల మీద కూర్చుని, నడుములు పడిపోయేదాకా తన పాలన తానే చేసుకుంటుంది. వంటగదిలోంచి బీన్స్, పంది మాంసం వాసన వస్తోంది. ఆకలి వేళ ఎవరి చేతనైనా ఊఁ అనిపించొచ్చు. అందుకే ఊరి మండలి పెద్ద బెర్నిస్ ఈ అంశాన్ని భోజనాల ముందు పెట్టించిందని ఆర్మాండ్ అనుమానం.

ఆర్మాండ్ గొడెట్‌కి అరవై నాలుగేళ్ళు. అందులో నలభై ఏళ్ళు గ్రానైట్ షెడ్డులో సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆగాల్సి వస్తోంది. కొడుకు డెనిస్ సైనికుడిగా ఇరాక్ వెళ్ళి, కిందటేడు జూన్‌లో అక్కడ రోడ్డు పక్కన పెట్టిన బాంబు పేలి చనిపోయాడు. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఊరి మధ్య పచ్చికలో వాడి పేరుతో ఒక రాయి నిలబెడదామని బెర్నిస్ తీర్మానం పెట్టింది. చెక్కేది ఆర్మాండే అని ఊరంతా అనుకుంది. చెక్కాల్సిన మాటలు చదివేదాకా అతనూ అలాగే అనుకున్నాడు.

సభ నడిపే ఎవరెట్ కళ్ళజోడు సర్దుకుని ఆ మాటలు చదివాడు. "డెనిస్ గొడెట్. ఇరాక్ ప్రజల స్వేచ్ఛ కోసం, మన దేశ భద్రత కోసం ప్రాణాలర్పించాడు. దీని మీద ఎవరైనా మాట్లాడతారా?"

పక్క కుర్చీలో డెల్మర్ మోచేత్తో పొడిచాడు. అతనూ షెడ్డు మనిషే, ఆర్మాండ్‌తో పాటే ఉలి పట్టినవాడు. "లేస్తే లెయ్యి, లేకపోతే లేదు. తొందరగా తేల్చరా. నాకు షుగర్."

ఆర్మాండ్ లేచాడు. లేవడానికే ఊపిరి సరిపోలేదు. ఎనిమిది నెలలుగా ఇంతే. పళ్ళెం కడగాలన్నా, ఫోనెత్తాలన్నా కొండ తవ్వినంత పని.

"సవరణ ఒకటి పెడుతున్నా," అన్నాడు. "పేరుంచండి. పుట్టిన రోజు, పోయిన రోజు, పోయిన చోటు ఉంచండి. ఎందుకోసమో చెప్పే మాటలు తీసెయ్యండి."

"బలపరుస్తున్నా," అన్నాడు డెల్మర్ వంటగది వైపు చూస్తూ.

బెర్నిస్ చెడ్డ మనిషి కాదు. డెనిస్ చనిపోయిన వారంలో మూడుసార్లు వంట చేసి తెచ్చి, ఏమీ మాట్లాడకుండా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు కూడా మెల్లగానే అంది. "నీ బాధ నాకు తెలుసు ఆర్మాండ్. కానీ దారిన పోయేవాడికి ఆ పిల్లాడు ఎందుకు పోయాడో తెలియొద్దూ?"

"నాకే తెలీదు బెర్నిస్. మొదట ఘోరమైన ఆయుధాలున్నాయన్నారు. వెతికారు, లేవు. మన మీద దాడి చేసినవాళ్ళతో అక్కడి నియంతకి చుట్టరికం ఉందన్నారు. అదీ తేలలేదు. ఇప్పుడు స్వేచ్ఛ అంటున్నారు. వాళ్ళకేం, కాగితం మీద రాసేది. ఇవాళ్టిది కొట్టేసి రేపు ఇంకోటి రాసుకుంటారు. రాయి అట్లా కాదు. దాని మీద తప్పు పడితే ఆ ముఖం మొత్తం అరగదీయాలి." ఊపిరి కోసం ఆగాడు. "షెడ్డులో మాకో పద్ధతి ఉంది. ఉలి పెట్టే ముందు ఇంటివాళ్ళని పిలిచి, మాటలన్నీ పైకి చదివి, ఇవి నిజమేనా అని అడుగుతాం. నిజమంటే సంతకం పెట్టించుకుంటాం. ఇప్పుడు ఇంటివాణ్ణి నేను. నేను పెట్టను."

వెనకనుంచి ఎవరో గొణిగారు. "కారణం తీసేస్తే వాడికీ కారు గుద్ది పోయినవాడికీ తేడా ఏముంటుంది?"

ఆర్మాండ్ వెనక్కి తిరిగి చూడలేదు. రోజూ తెల్లవారుజామున తనని తాను అడుక్కునే ప్రశ్నే అది. కొత్తగా కోపం తెచ్చుకునే ఓపిక లేదు.

అప్పుడు గోడ వారగా కూర్చున్న కొలీన్ చెయ్యెత్తింది. డెనిస్ భార్య. వాడు పోయాక పిల్లని తీసుకుని పక్క ఊళ్ళో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

"కొలీన్ ఇప్పుడు ఈ ఊరి ఓటరు కాదు," అన్నాడు ఎవరెట్ ఇబ్బందిగా. "మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళున్నారా?"

హాలంతా ఆర్మాండ్ వైపు చూసింది. ఆమె ఏం చెప్పబోతోందో అతనికి తెలుసు. కిందటి వారమే ఆమె వంటింట్లో కూర్చుని ఇద్దరూ దీని మీద పోట్లాడుకున్నారు. ఇప్పుడు తను "ఉంది" అంటే చాలు, ఓటింగు పెట్టాలి. ఆకలి మీదున్న జనం ఎటు పోతారో చెప్పలేం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, సిగ్గేసింది.

"మాట్లాడనివ్వండి," అన్నాడు. "వాడి మీద నాకంటే ఆమెకే హక్కు ఎక్కువ."

కొలీన్ లేచింది. "ఎక్కువసేపు తీసుకోను. మా టెస్సాకి నాలుగేళ్ళు. ఇంకో రెండేళ్ళకి దానికి చదవడం వస్తుంది. ఆ రాయి ముందు నిలబెట్టి ఏం చెప్పమంటారు? మీ నాన్న ఎందుకు పోయాడో తాతకి నచ్చలేదు, అందుకని ఖాళీ వదిలేశాడని చెప్పనా? ఆ మాటలు నిజమని నాకూ పెద్ద నమ్మకమేం లేదు మామయ్యా. కానీ నాకు ఏదో ఒకటి కావాలి. ఏమీ లేకుండా నేను బతకలేకపోతున్నా."

కూర్చుంది.

అవును, కాదు అని కేకలతో పెట్టిన ఓటు ఎటూ తేలలేదు. లేచి నిలబడమని లెక్కపెట్టారు. సవరణకి యాభై ఎనిమిది, వద్దన్నవాళ్ళు యాభై మూడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరెట్ భోజన విరామమన్నాడు, కుర్చీలు కిర్రుమన్నాయి. "పద, తిందాం," అని డెల్మర్ భుజం తట్టి వెళ్ళాడు. గెలిచినట్టు లేదు ఆర్మాండ్‌కి. కొలీన్ చేతిలో ఉన్న ఒక్కటీ లాగేసుకున్నట్టుంది.

కోట్లు తగిలించే చోట కొలీన్ ఒంటరిగా బొత్తాలు పెట్టుకుంటోంది. అతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"గెలిచారుగా," అందామె. గొంతులో కోపం లేదు, ఉత్త అలసట. "అయితే ఇక ఆ పని మీదే. టెస్సా చదవడం నేర్చాక మీరే తీసుకెళ్ళండి. ఎందుకు పోయాడని అడుగుతుంది. మీరే చెప్పండి. నావల్ల కాదు."

"చెప్తాను."

"ఏమని?"

ఆర్మాండ్ గోడకి చెయ్యి ఆనించి ఊపిరి కూడగట్టుకున్నాడు. ఆమె మొహం చూడలేక నేల వైపు చూస్తూ అన్నాడు.

"రెండేళ్ళ కింద ఇదే సభలో, యుద్ధం మొదలవకముందు, ఈ యుద్ధం వద్దని ఒక తీర్మానం పెట్టారు. నువ్వు రాలేదు, ఆ రోజు పిల్లకి జ్వరం. నేను లేచి దానికి అడ్డం మాట్లాడాను. పైనున్నవాళ్ళకి మనకి తెలీనివి తెలుస్తాయి, మనం నోరు మూసుకోవాలి అన్నాను. ఆ తీర్మానం ఓడిపోయింది. ఈ హాల్లో అందరికీ గుర్తుంది. ఇవాళ మర్యాదకి ఎవరూ ఎత్తలేదు. టెస్సాకి అది చెప్తాను."

కొలీన్ బొత్తాలు వదిలేసి అతని వైపు తిరిగింది.

"డెనిస్ ఉన్నాడా అప్పుడు?"

"నా పక్క కుర్చీలోనే."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదమ్మా. నా మొహం చూసి, నాతో పాటే చెయ్యెత్తాడు."