తెర వెనక పడవవాడు

శ్రుతిదండాన్ని మోకాలిచిప్ప మీద తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు ఇడ్వాల్ ప్రోసర్. రెండు కాళ్ళ ఉక్కు పుల్ల జుమ్మంది. పొయ్యి మీద కెటిల్ ఆవిరి కక్కుతోంది. నెత్తిన తువ్వాలు కప్పుకుని, ఆ ఆవిరి మీదికి వంగి, పుల్ల ఇచ్చిన స్వరం అందుకుని, నోరు మూసుకునే పడవవాడి పాట మొదటి చరణం చివరిదాకా లాగాడు. ఎత్తుకున్న స్వరం దగ్గరికే తిరిగొచ్చి ఆగే పాట అది. ఆగి, పుల్లని మళ్ళీ తట్టాడు.

పుల్ల స్వరం పైనుంది. తను కిందున్నాడు.

"నా మొహంలా ఉంది," అన్నాడు కెటిల్‌తో.

తేడా ఎంతో కాదు, వెంట్రుకవాసి. కూరలో ఉప్పు తగ్గితే తిన్నవాడికి తెలుస్తుంది. వండినవాడికి తెలియాలంటే వాడూ నోట్లో వేసుకోవాలి. శ్రుతి దగ్గర ఆ సుఖం కూడా లేదు. జారేవాడికి జారుతున్నట్టు తెలిసి చావదు. చేతిలో పుల్ల ఉంటే తెలుస్తుంది, లేదా పక్కనెవరైనా సరిగ్గా పాడితే తెలుస్తుంది. పడవవాడి పాటకి పక్కన ఎవరూ ఉండరు.

ఏభై ఎనిమిదేళ్ళ మనిషి. ఛాతీ పీపాలా ఉంటుంది, కాళ్ళు మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు సన్నం. ఎడమ కనుబొమ మీద నీలం మచ్చ. పదేళ్ళప్పుడు బొగ్గులోంచి రాళ్ళేరే పనిలో ఉండగా పెళ్ళ తగిలి చీరుకుపోయింది. గాయంలో బొగ్గుపొడి ఉండిపోయి అలాగే మానింది. పెన్సిల్వేనియా బొగ్గు ఊళ్ళలో పుట్టిన మగాళ్ళకి ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఆ నీలం ఉండనే ఉంటుంది. న్యూయార్క్ వచ్చిన కొత్తలో పౌడరు అద్ది దాచేవాడు. తర్వాత దాచే పని లేకపోయింది. జనానికి అతని మొహం చూపించడమే మానేశారు పాటలతోనే నాటకమంతా నడిపే మా ఒపెరా హౌస్ వాళ్ళు.

"ప్రోసర్ గారూ, ఫోన్!" కింద నుంచి ఇంటావిడ కేకేసింది.

ఆల్వెన్ వదిన. తీగ అవతల ఆమె గొంతు వణుకుతోంది.

"ఇడ్వాలూ, రాత్రి నుంచీ మీ అన్నయ్యకి ఏం బాగాలేదు. డాక్టరు పెదవి విరిచేశాడు."

"బయల్దేరనా వదినా?"

"బయల్దేరావంటే ఆయనే నిన్ను చంపుతారు. పొద్దున్నే రేడియో మంచం పక్కకి జరిపించుకున్నారు. వాడి పాట విన్నాకే ఏదైనా అంటున్నారు. పాడు నాయనా. పాడి వెంటనే రా."

శనివారం మధ్యాహ్నం మా ఆట దేశమంతా రేడియోలో వస్తుంది. అన్న గెథిన్ ముప్ఫై ఏళ్ళుగా ఒక్క శనివారం మానకుండా విన్నాడు. విన్న ప్రతిసారీ ఫోన్లో ఒకటే ముక్క, "విన్నాను" అని. బాగుంది అనడు, బాగాలేదు అనడు. ఇడ్వాల్ ఆ తర్వాతి మాట కోసం ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడేవాడు. అవతల దగ్గు వినపడేది, తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

వేల్స్ నుంచి వచ్చి స్థిరపడ్డ గని కుటుంబాల ఊరు వాళ్ళది. అక్కడ తాగొచ్చిన వాణ్ణి క్షమిస్తారు, పెళ్ళాన్ని తిట్టిన వాణ్ణి క్షమిస్తారు. శ్రుతి తప్పిన వాడికి పిల్లనివ్వరు. చర్చిలో పాట నడిపించేవాడు గెథిన్. పగలంతా గనిలో ఉండి, సాయంత్రం మొహం కడుక్కుని, శ్రుతిదండం జేబులో వేసుకుని వచ్చేవాడు. ఎవరి గొంతైనా కాస్త కుంగితే పాట మధ్యలోనే బల్లకేసి పుల్లని ఠక్కుమని కొట్టి, "పైకి రా" అనేవాడు. ఒక ఈస్టర్ పండగ నాడు ఊరందరి ముందూ సొంత తమ్ముణ్ణే మూడుసార్లు ఆపాడు. పద్నాలుగేళ్ళ ఇడ్వాల్‌కి చెవులు కాలిపోయాయి. ఆ మంట నలభై ఏళ్ళయినా చల్లారలేదు.

అలాంటి గెథిన్ ఒక్కనాడు మాత్రం పుల్ల బయటికి తీయలేదు. గని కప్పు కూలి నాన్న పోయిన నాడు. సమాధి దగ్గర ఆడవాళ్ళు పాడుతూ ఏడ్చారు, ఏడుస్తూ జారారు. ఒక్కో చరణానికీ పాట దిగిపోతూ వచ్చింది. గెథిన్ వాళ్ళని ఆపలేదు. చెయ్యెత్తి నడిపిస్తూ, వాళ్ళతోపాటే తన గొంతూ కిందికి దించుకుంటూ పోయాడు.

ఇంటికొస్తూ దారిలో ఇడ్వాల్ అడిగాడు, "ఇవాళ ఎందుకు ఆపలేదన్నయ్యా?"

"ఏడ్చేవాళ్ళకి పుల్ల చూపిస్తార్రా వెధవా? అందరం కలిసి దిగాం. కలిసి దిగితే ఎవరూ తప్పినట్టు కాదు."

ఇరవై నాలుగేళ్ళకి ఇడ్వాల్ రైలెక్కుతుంటే గెథిన్ స్టేషనుకొచ్చి చెయ్యి కూడా కలపలేదు. తమ్ముడి కోటు జేబులో ఆ పుల్ల పడేశాడు. "ఆ పెద్దఊళ్ళో నీకు పైకి రా అని చెప్పేవాడుండడు. ఇది చెబుతుంది," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇడ్వాల్‌ది పైస్థాయి మగగొంతు, టెనర్ అంటారే, అది. కథానాయకులందరిదీ ఆ గొంతే. ఇడ్వాల్ కూడా కథానాయకుడవుదామనే వచ్చాడు. సిన్సినాటిలో ఒక వేసవి నాయకుడి వేషం కట్టాడు కూడా. మర్నాడు పేపర్లో నాయిక గొంతు గురించీ, ఆమె దుస్తుల గురించీ, ఆఖరికి వేదిక మీద తిరిగిన గుర్రం గురించీ రాశారు. గుర్రం తర్వాత వ్యాసం అయిపోయింది. ఆ తర్వాత ఉత్తరం తెచ్చే నౌకరు, రాజు పోయాడని చెప్పే దూత, పెళ్ళిలో మూడో అతిథి. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఊరికి టూరు అడ్డొచ్చింది, కొన్నాళ్ళకి మాట రావడమే మానేసింది. చివరికి తెర వెనక గొంతులు మిగిలాయి. వాటిలో ఇతనికి ప్రాణమైంది పడవవాడి పాట. రెండో అంకం తెర లేచేసరికి వేదిక ఖాళీగా ఉంటుంది, రంగు వేసిన నది, రంగు వేసిన ఆకాశం. ఆ ఆకాశం గుడ్డ వెనక ఎక్కడో పైనుంచి పడవవాడు పాడతాడు. ఒక్క వాద్యం పలకదు. రెండు చరణాలు. అతను ఆగిన స్వరం మీదే వాద్యాలన్నీ ఒక్కసారి అందుకుంటాయి. అదీ చిక్కు. చర్చిలో నాయకుడు జారితే ఊరంతా అతనితో జారుతుంది. మా వాద్యబృందం ఎవరి కోసమూ జారదు.

మొన్న మంగళవారం ఆటలో వాళ్ళు అందుకున్నప్పుడు తేడా హాలంతా విన్నది. వాద్యబృందాన్ని నడిపించే మాస్ట్రో కర్ర ఆడిస్తూనే తలెత్తి ఆకాశం గుడ్డ వైపు ఒక్క చూపు చూశాడు.

మధ్యాహ్నం ఇడ్వాల్ వెనక గుమ్మంలోంచి అడుగు పెట్టేసరికి స్టేజీ మేనేజర్ జిమర్ ఎదురు చూస్తున్నాడు. పక్కన లీలండ్, నెబ్రాస్కా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర టెనర్, బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ప్రోసర్ గారూ, ఒక్క మాట. మంగళవారం సంగతి మాస్ట్రో మర్చిపోలేదు."

"నేనూ మర్చిపోలేదు."

"ఇవాళ రేడియో. ఊరూ వాడా వింటుంది. లీలండ్ పైకెక్కి పాడతాడు. పేరు మీదే ఉంటుంది, రేడియోలో చదివేదీ మీ పేరే. కనపడని పాటే కదా, ఎవరికి తెలుస్తుంది?"

"మా అన్నకి."

"మీ అన్నేం చేస్తారు?"

"గనిలో బొగ్గు తవ్వేవాడు. ఇప్పుడు మంచంలో ఉన్నాడు."

జిమర్ చెడ్డవాడేం కాదు. నుదురు రుద్దుకున్నాడు. "మీ ఇష్టం. కానీ ఇవాళ కూడా జారితే వచ్చే సీజన్ మాట నన్నడక్కండి."

"అడగను."

"నేను రాననే అన్నానండీ, వాళ్ళే..." అన్నాడు లీలండ్.

"తెలుసులే నాయనా. నీ వంతు ఎక్కడికీ పోదు."

ఇడ్వాల్ వాళ్ళని దాటుకుని లోపలికి నడిచాడు. మెట్ల కింద బల్ల మీద కూర్చున్నాడు. కుర్రాడు పాడితే, అన్న చెవిలో పడే చివరి పాట పరాయివాడిది అవుతుంది, తన పేరు తగిలించుకుని. తను పాడితే, దేశం ముందు తమ్ముడు జారడమే ఆయన చివరగా వినేది. నలభై ఏళ్ళ నాటి ఈస్టర్ మళ్ళీ వస్తుంది. ఏ చెంప చూసినా దెబ్బే. రెండోది కనీసం తన చెంప.

మొదటి అంకం అయింది. ఆకాశం గుడ్డ వెనక నిచ్చెన పట్టుకుని మల్వేనీ సిద్ధంగా ఉన్నాడు. తెరల తాళ్ళు లాగే ఐరిష్ వాడు, ఇన్నేళ్ళుగా ఈ నిచ్చెన పట్టేది అతనే.

"ఏం గురూ, తడిసిన పిల్లిలా ఉన్నావ్?"

"అన్నయ్య పోతున్నాడు మల్వేనీ. రేడియో పెట్టుకుని కూర్చున్నాడు."

మల్వేనీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు నేనిక్కడ తాళ్ళు లాగుతున్నా. నీది నయం, నీ పని ఆయనకి వినపడుతుంది. ఎక్కు. నిచ్చెన నేను చూసుకుంటా."

పైన చెక్కపలక మీద ఒక మనిషి నిలబడేంత చోటు. గుడ్డకి పూసిన జిగురు వాసన. తన చేత్తో కొట్టుకున్న మేకుకి కోటు తగిలించి, ఉన్ని స్వెటర్‌తో నిలబడ్డాడు. పడవవాడికి వేషం ఎందుకు? పాడమనే సైగగా చిన్న ఎర్ర బల్బు వెలిగింది. పుల్లని మోకాలికి తట్టి, దాని కాడ చెవి వెనక ఎముకకి ఆనించి, స్వరం తీసుకుని ఎత్తుకున్నాడు.

మొదటి చరణం గొంతులో నెయ్యిలా సాగింది. హాలు దగ్గడం మానేసింది. చరణాల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధిలో పుల్లని మళ్ళీ ఎముకకి ఆనించాడు. అప్పటికే కింద ఉన్నాడు, పొద్దున్నటి వెంట్రుకవాసే. "పైకి రా," అనుకుని లాక్కొచ్చాడు. కడుపు బిగించి, మునివేళ్ళ మీద లేచి, రెండో చరణం పాడాడు. వయసు మీదపడిన ఆ పీపా ఛాతీలో ఊపిరి చివరి వాక్యానికి చాలలేదు. చివరి స్వరం పొడుగ్గా పట్టాడు. తన చెవికది చక్కగా ఉంది, ముమ్మాటికీ చక్కగా ఉంది.

వాద్యాలు అందుకున్నాయి. పైన.

మంగళవారం కన్నా ఎక్కువ. పంటి కింద ఇసుక పడ్డట్టు హాలంతా ఒక్క క్షణం కుర్చీల్లో కదిలింది. ఇడ్వాల్ నోరు మూసుకున్నాడు. పుల్లని మేకుకి తగిలించి కోటు తీసుకున్నాడు. దిగి వచ్చేసరికి జిమర్ చేతిలో కాగితాలు చూసుకుంటున్నాడు, తలెత్తలేదు. మల్వేనీ భుజం మీద చెయ్యేశాడు.

"పరువు పోయింది మల్వేనీ. ఆయన ముందే పోయింది," అన్నాడు ఇడ్వాల్. కళ్ళ నీళ్ళు ఆపుకోలేదు.

వెనక గుమ్మం దగ్గర కాపలావాడు ఫోన్ పట్టుకుని పిలుస్తున్నాడు. ఈసారి వదిన గొంతు వణకడం లేదు. అదే భయం వేసింది.

"విన్నాం ఇడ్వాలూ."

"జారాను వదినా."

"తెలుసు. నేనూ ఈ ఊరి దాన్నేగా."

"ఆయనేమన్నారు?"

"చెబుతా, విను. నువ్వెత్తుకోగానే, మావాడే అని నా వైపు చూశారు. రెండో చరణంలో నువ్వు దిగడం మొదలయింది. నాకు గుండె గుబేలుమంది, బల్ల మీద ఏదైనా తీసి ఠక్కున కొడతారేమోనని. చెయ్యెత్తారు. చర్చిలో నడిపించినట్టే. కిందటేడాది నుంచీ ఒక్క ముక్క పాడని మనిషి, రెండు మాటలకే ఆయాసపడే మనిషి, నీతో కలిసి అందుకున్నారు. నువ్వు దిగుతుంటే నీతోపాటే దిగారు, మెట్టు మెట్టుకీ. చివరి స్వరం నీతోనే పట్టారు. ఈ గదిలో మీ ఇద్దరూ ఒక్క శ్రుతి మీద ఉన్నారు, ఇడ్వాలూ."

ఇడ్వాల్ గోడకి ఆనుకున్నాడు.

"తర్వాత బాజాలు వచ్చాయిగా, కోపం వచ్చింది. 'వాళ్ళెవరే పైకి పోయారు? మావాడు సరిగ్గానే ఉన్నాడు. ఆపెయ్యి' అన్నారు. రేడియో ఆపేశా. ఆపి ఇటు తిరిగేసరికి..." వదిన అక్కడ ఏడ్చింది. "ఇంకేం లేదు నాయనా."

ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు కాచుకున్న మాట వచ్చింది. చెప్పిన మనిషి లేడు. హాల్లోంచి నాయిక పాట, చప్పట్లు లీలగా వినపడుతున్నాయి.

"వస్తున్నా వదినా. చీకటి పడేసరికి వస్తా," అన్నాడు.

కోటు గుండీలు పెట్టుకుని, జిమర్‌కి చెప్పాలనుకుని, అక్కర్లేదనుకున్నాడు. హడ్సన్ నది దాటితే హోబోకెన్‌లో రైలుంది. గుమ్మం దాకా వచ్చి, అలవాటుగా జేబు తడుముకున్నాడు.

"గురూ, నీ పుల్ల పైనే ఉంది. తెచ్చిపెట్టనా?" వెనక నుంచి మల్వేనీ.

"ఉండనీలే మల్వేనీ," అని బయటికి నడిచాడు. మళ్ళీ ఆ గుమ్మంలోకి రాలేదు.

సాయంత్రం ఆడేది వేరే నాటకం. ఆకాశాన్ని మడిచారు, నదిని చుట్టారు, పలక ఊడదీశారు. మల్వేనీ మేకు మీంచి పుల్లని తీసి, తెలిసినవాడిలా మోకాలికి తట్టి, మోత ఆగేదాకా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెనక గుమ్మం పక్కన, జనం మర్చిపోయిన గొడుగులు తగిలించే వరసలో దాన్నీ తగిలించాడు. గొడుగులు ఒక్కొక్కటే వాటి వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. అది ఇంకా అక్కడే ఉంది, గాలికి తలుపు గట్టిగా పడ్డప్పుడు గోడకి తగిలి సన్నగా మోగుతుంది.