కరెంటు అమ్మిన సుందరరావు

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక సుందరరావు ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాడు. ఆంగ్ మో కియో మార్కెట్టు పక్కన మడతబల్ల వేసుకుని, ఒక కంపెనీ తరఫున కరెంటు అమ్మే పనిలో చేరాడు. సింగపూర్‌లో ఎవరింటికి కావలసిన కరెంటును వాళ్ళు తమకు నచ్చిన కంపెనీ దగ్గర కొనుక్కోవచ్చని కొత్తగా రూలు వచ్చిన రోజులవి. కంపెనీకి మాటకారి కావాలి, అతనికి మాట్లాడేందుకు మనుషులు కావాలి. ఇద్దరికీ కుదిరింది.

తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం అతనిది. తెలుగు, తమిళం, మలయ్ కలగలిపి మాట్లాడేవాడు. ఏ భాషవాళ్ళు బల్ల దగ్గర ఆగినా ఒకటే చెప్పేవాడు. "తీగ మారదు, మీటరు మారదు. కరెంటు ఇంతకుముందు వచ్చినట్టే వస్తుంది. రేటు మాత్రం మారుతుంది, అంతే. రెండేళ్ళ దాకా ఒకే రేటు కావాలా, ఇన్నాళ్ళూ అందరికీ కరెంటిచ్చిన పాత సంస్థ రేటు మీద తగ్గింపు కావాలా, మీ ఇష్టం."

అతని మాట మీద అతనుండే అపార్ట్‌మెంటు బ్లాకులో సగం మంది చేరారు. ఏడో అంతస్తు కుమారమ్మ కూడా చేరింది. వరసకు ఏమీ కాకపోయినా చిన్నప్పటినుంచి అతను ఆమెను అక్కా అనే పిలుస్తాడు. ఆమె భర్త ఏడుకొండలుకు ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది. సంతకం పెట్టేముందు కుమారమ్మ రేటు గురించి అడగలేదు. "కరెంటు పోదు గదా తమ్ముడూ?" అని మాత్రం అడిగింది.

"పోదక్కా. నాదీ పూచీ," అన్నాడు సుందరరావు.

రెండో ఏడు గడవకముందే కంపెనీ మూతపడింది. ఆ కబురు అతనికి తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగుతుండగా ఫోనుకొచ్చింది. కరెంటు తయారయ్యే గ్యాసు ధర ఆకాశానికెక్కింది, ఈ రేటుకు కరెంటు ఇవ్వలేం, ఖాతాదారులందరినీ వచ్చే నెల మొదటి తేదీన పాత సంస్థకు అప్పగిస్తున్నాం, అని దాని సారాంశం. కంపెనీ ఎలాగూ అందరికీ మెయిల్ పంపుతుంది. కానీ వాళ్ళు కంపెనీ మొహం చూసి సంతకం పెట్టలేదు, తన మొహం చూసి పెట్టారు. కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

లిఫ్టు దగ్గర ఉమ ఎదురైంది. అతని మాట మీదే చేరిన గుంటూరు అమ్మాయి, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం. అతను గొంతు సవరించుకునేలోపే ఆమె అందుకుంది. "మెయిల్ చూశానంకుల్. డిపాజిట్ తిరిగి ఇస్తారంట, మధ్యలో మానేసినందుకు చార్జీ కూడా ఉండదంట. నేను వేరే కంపెనీ చూసేసుకున్నా. గ్యాస్ రేటు పెరిగితే మీరేం చేస్తారు చెప్పండి?"

ఆ మాటకు అతని మనసు కాస్త తేలికపడింది. కానీ లిఫ్టు ఏడో అంతస్తులో ఆగేసరికి మళ్ళీ బరువెక్కింది.

కుమారమ్మ అంతా విని కుర్చీలో కూలబడింది. "మూసేసినారా? ఎట్లా మూస్తారు?"

"చేపలవాడు ఏడాదంతా ఒకే రేటుకు చేపలిస్తానని మాటిచ్చాడనుకో అక్కా. రేవులో చేప ధర మూడింతలైతే వాడు ఎన్నాళ్ళిస్తాడు? వీళ్ళూ అంతే. కరెంటు తయారుచేసేది వీళ్ళు కాదు. పూటపూటకూ మారే ధరకు కొని, మనకు ఒకే ధరకు అమ్మినారు. తట్టుకోలేకపోయినారు."

"నాకు కథలు చెప్పకు. పాత సంస్థకు మార్చే రోజు మిషను ఆగిపోతే?"

"ఆగదక్కా. తీగలూ మీటరూ పాత సంస్థవే. అవెక్కడికీ పోవు."

"సంతకం పెట్టిన రోజు కూడా ఇట్లనే చెప్తివి, నాదీ పూచీ అని."

సుందరరావు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా ఆమె భయం అబద్ధమవదు. "ఒకటో తేదీ పొద్దున్నే వచ్చి ఇక్కడే కూర్చుంటాను," అన్నాడు.

ఒకటో తేదీన చెప్పినట్టే వెళ్ళాడు. ఫ్యాను తిరుగుతోంది. మిషను ఎప్పటిలాగే గురుగురుమంటోంది. ఏడుకొండలు ముక్కుకు గొట్టంతో మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"మారిపోయిందక్కా. రాత్రి మనం నిద్రలో ఉండగానే," అన్నాడు సుందరరావు.

ఆమె గదంతా కలియజూసింది. "చప్పుడే కాలేదే," అంది నమ్మకం కుదరనట్టు. అయినా దోసెలు పోసి ఇద్దరికీ పెట్టింది. తర్వాత టీకి నీళ్ళు పెడదామని కరెంటు కెటిల్ స్విచ్చి నొక్కింది.

టప్‌మని శబ్దం. దీపం ఆరింది. ఫ్యాను నెమ్మదించింది. మిషను కీచుమని అరవడం మొదలెట్టింది.

"చూస్తివా! చూస్తివా తమ్ముడూ!" అని కుమారమ్మ కేకపెట్టింది. నోరు కేకలు పెడుతున్నా ఆమె చేతులు తమ పని చేసుకుపోయాయి. అవసరానికని మంచం వెనక ఉంచుకున్న ఆక్సిజన్ సిలిండరును ముందుకు లాగి, గొట్టం అటు మార్చి, మర తిప్పేసింది. ఏడుకొండలు రెండుసార్లు నిదానంగా ఊపిరి పీల్చి, నాకేం ఫరవాలేదన్నట్టు చెయ్యెత్తాడు.

తను చెప్పిందంతా తప్పేనా అని సుందరరావుకు ఒక్క క్షణం అనిపించింది. తలుపు తీసి వరండాలోకి చూశాడు. పక్కింట్లో టీవీ మోగుతోంది. లిఫ్టు కదులుతోంది. హమ్మయ్య, పోయింది ఈ ఇంట్లోనే అనుకుని లోపలికొచ్చి, తలుపు పైనున్న స్విచ్చుల పెట్టె మూత తీశాడు. ఒక మీట కిందికి పడి ఉంది. పైకి నెట్టాడు. వెంటనే మళ్ళీ పడింది.

"కెటిల్ ప్లగ్గు తియ్యక్కా."

ఆమె తీసింది. మళ్ళీ నెట్టాడు. ఈసారి మీట నిలబడింది. దీపం వెలిగింది, ఫ్యాను కదిలింది, మిషను అరుపు మాని తన పనిలో పడింది. కెటిల్ పీఠం తిరగేసి చూస్తే అడుగంతా తడి.

"కంపెనీకీ దీనికీ సంబంధం లేదక్కా. తడిసిన కెటిల్ చేసిన పని. ఏ కంపెనీ దగ్గర కొన్నా ఇంతే అయ్యేది."

ఏడుకొండలు సన్నటి గొంతుతో, "ఆ కెటిల్ పారేయమని నేను చెప్తూనే ఉన్నా. నా మాట వింటేగా?" అన్నాడు. కుమారమ్మ ఆయన వైపు కోపంగా చూడబోయి, పమిటతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. సుందరరావు ఆ కెటిల్‌ను తీసుకెళ్ళి చెత్తబుట్ట పక్కన పెట్టాడు.

గిన్నెలో కాచిన టీ తాగుతూ ఆమె అడిగింది. "అయితే ఇప్పుడు మనం ఎవరి దగ్గర కొంటున్నట్టు?"

"పాత సంస్థ దగ్గర. మూణ్ణెల్లకోసారి రేటు మారుతుంది. పెరగొచ్చు, తగ్గొచ్చు. ఇన్నాళ్ళుండాలన్న కట్టుబాటేం లేదు."

"మళ్ళీ ఏదన్నా కంపెనీలో చేరమంటావా?"

వేరే కంపెనీవాళ్ళు అతన్ని పనికి పిలిచి నాలుగు రోజులైంది. అవునన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అనలేదు. "ఇప్పుడొద్దక్కా. ఇప్పుడు వాళ్ళు చెప్పే రేట్లు మండుతున్నాయి. రెండేళ్ళకు కట్టుబడితే మధ్యలో బయటికి రావాలన్నా చార్జీ కట్టాలి. ఆగి చూడు. నీకు నచ్చినప్పుడే మారు, ఎవరో చెప్పారని కాదు."

"సరి, ఉండనీ," అంది కుమారమ్మ.

సుందరరావు ఆ కొత్త కంపెనీలో చేరలేదు. పిల్లల స్కూలు వ్యాను నడపడానికి కుదిరాడు. గ్యాసు ధర దిగొచ్చి, రేట్లు మళ్ళీ మామూలయ్యేసరికి ఏడాది దాటింది. ఒక సాయంత్రం కుమారమ్మ ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఒక కంపెనీలో చేరినా. ఒకే రేటు, ఏడాదికి మాత్రమే."

"నన్నడగలేదేం అక్కా?"

"నిన్నెందుకడగాలి? మధ్యలో మానేస్తే చార్జీ ఎంత, మీరే మూసేస్తే నా డిపాజిట్ సంగతేంది, అన్నీ వాళ్ళనే నిలబెట్టి అడిగినా. బల్ల దగ్గర కరెంటు అమ్మే ఆ పిల్లాడికి చెమటలు పట్టినాయి పాపం." ఆమె గొంతులో గర్వం దాగలేదు. "కరెంటు పోతుందా అని మాత్రం అడగలేదులే."

సుందరరావు పెద్దగా నవ్వాడు. అవతల ఏడుకొండలు ఎవరా ఫోనులో అని అడుగుతుంటే, ఆమె ఆయనకు చెప్పడానికి ఫోను పక్కన పెట్టింది.