ఆకుచేప ఆకలి

కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే ఆయన్ని అందరూ 'అలాగే గారు' అనే పిలిచేవాళ్ళు. పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్ళి, నీళ్ళు చిమ్ముతూ తిరిగే సానచక్రం ముందు కూర్చుని, ఎవరి చూపుకి ఎంత కావాలో అంత మేరకు అద్దాన్ని అరగదీసేవాడు. యజమాని తలుపులోంచి తొంగిచూసి, "ఇవి సాయంత్రానికల్లా కావాలయ్యా" అంటే "అలాగేనండి" అనేవాడు. "పక్కవాడు సెలవు పెట్టాడు, అతని పని కూడా నువ్వే చూసెయ్" అంటే "అలాగేనండి". ఇంటికొచ్చాక మేడమీదవాళ్ళు నిచ్చెన అడిగినా అలాగే, ఇచ్చిన నిచ్చెనని పట్టుకుని నిలబడమన్నా అలాగే.

ఆయన భార్య సిటీ బస్సులో కండక్టరు. "లోపలికి జరగండి, మెట్టు మీద నిలబడకండి, అదేం మీ తాతగారి సీటు కాదు" అంటూ రోజంతా వందలమందిని అదిలించే మనిషి. ఇంటికొచ్చి మొగుణ్ణి చూసి నిట్టూర్చేది.

"మీ నోట్లో రెండో మాటంటూ ఉందో లేదో ఒకసారి డాక్టరుకి చూపించాలండీ" అనేది.

పక్కింటివాళ్ళు ఇల్లు మారుతూ, ఒక ఖాళీ చేపలతొట్టిని గుమ్మంలో పెట్టి "ఉంచుకుంటారా?" అని అడిగారు. ఆయన ఏమన్నాడో చెప్పక్కర్లేదు. అలా ఆ తొట్టి ముందుగదిలో బల్ల మీదకి చేరింది. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. దాన్ని కడిగి, తుడిచి, అడుగున ఇసక పరిచింది తొమ్మిదేళ్ళ కూతురు.

"బంగారు చేపలు వద్దు నాన్నా. అందరిళ్ళలోనూ అవే. మనం వేటాడే చేపని తెచ్చుకుందాం. ఎవరిళ్ళలోనూ లేనిది."

"అలాగే" అన్నాడు తండ్రి.

చేపల దుకాణం ఒక సందు చివర ఉండేది. గోడల నిండా తొట్లు, కింద తడి, మోటార్ల గురగుర. దుకాణం నడిపే ఆవిడ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, మెడలో కొలతటేపు వేసుకుని తిరిగేది. అడిగినవాళ్ళకల్లా చేపనిచ్చే రకం కాదు. సంబంధం చూడ్డానికి వచ్చినట్టు ముందు అన్నీ ఆరా తీసేది.

"తొట్టి ఎంత?" అంది.

చెప్పారు.

పిల్ల ఒక పెద్ద తొట్టి దగ్గర ఆగిపోయింది. లోపల వెండిరేకులాంటి పొడవాటి చేప, గడ్డం కింద రెండు మీసాలతో, రాజుగారిలా తిరుగుతోంది.

"అది వద్దమ్మా" అంది దుకాణమావిడ. "చేపని ఇవాళ ఎంతుందో చూసి కొనకూడదు, రెండేళ్ళకి ఎంతవుతుందో చూసి కొనాలి. ఇది రెండడుగులు దాటుతుంది. మీ తొట్టిలో ఒకసారి అటు తిరిగిందంటే మళ్ళీ ఇటు తిరగలేదు."

ఆ వారం ఉత్తి చేతులతో ఇంటికొచ్చారు. మరుసటి వారం పిల్ల ఒక పాములాంటి చేపని ఇష్టపడింది. మూతపలక దగ్గర చిటికెనవేలంత సందున్నా అది బయటికి పాకిపోతుందనీ, పొద్దున లేచేసరికి బీరువా కింద ఎండిపోయి దొరుకుతుందనీ ఆవిడ చెప్పింది. బఠాణీగింజంత పొట్టచేప ఒకటుంది, అది తనకన్నా పదింతల పెద్దవాటి తోకలు కూడా కొరుకుతుందట. పిల్లకి అది నచ్చింది గానీ తండ్రి మొహం చూసి ఊరుకుంది.

మూడోవారం, ఒక మూలనున్న తొట్టి ముందు పిల్ల చాలాసేపు నిలబడింది. అందులో నీళ్ళు లేత టీ రంగులో ఉన్నాయి. నాలుగు కొమ్మలు, ఒక ఎండుటాకు తప్ప ఏమీ లేదు.

"ఇది ఖాళీ" అంది.

"సరిగ్గా చూడు."

తండ్రి వంగి చూశాడు. అద్దంలో వెంట్రుకంత గీతని కూడా పట్టుకునే కళ్ళు ఆయనవి. ఎండుటాకుకి కన్నుంది. తొడిమ అనుకున్నది గడ్డం. ఆకు తలకిందులుగా, ఎవరికీ ఏ తొందరా లేనట్టు, పక్కకి కొట్టుకొస్తోంది. దాని ముందు ఒక చిన్న చేపపిల్ల ఆడుకుంటోంది. ఆకు మూతి ఉన్నట్టుండి గొట్టంలా ముందుకి సాగింది. చేపపిల్ల లేదు. ఆకు మళ్ళీ ఆకే.

"ఆకుచేప" అంది ఆవిడ. "ఎంత పెరిగినా బెత్తెడు దాటదు, మీ తొట్టికి సరిపోతుంది. తోడు వద్దు, వెలుగు వద్దు, నీళ్ళు కదలకూడదు. ప్రాణమున్న ఎర తప్ప ముట్టదు. చిన్నచేపల సీసా ఒకటి ఇస్తాను, రోజుకి రెండు వెయ్యండి. ఎర చాలకపోతే మీ ఇంట్లో ఎక్కువగా తిరిగే మాటేదో దాన్ని తింటుంది. అందుకు కంగారు పడకండి, అరుగుతుంది. మరీ పొగడ్తలు మాత్రం దాని ముందు వద్దు, నీళ్ళు జిగటవుతాయి."

"అలాగేనండి" అన్నాడు ఆయన.

ఆవిడ కొలతటేపు సర్దుకుంటూ ఆయన వంక ఒకసారి చూసి, చేపని సంచిలోకి దించింది.

చేప వచ్చిన నాలుగోరోజు సాయంత్రం యజమాని ఫోన్ చేశాడు. ఎల్లుండి ఆదివారం దుకాణానికి రావాలన్నాడు. "అలాగేనండి" అన్నాడు ఆయన. మాట నోరు దాటి బల్లదాకా వచ్చిందో లేదో, తొట్టిలో ఆకు కదిలింది. మూతి సాగింది. నీటి మీద చిన్న సుడి తిరిగి, టప్ మని చప్పుడైంది. మాట లేదు.

"హలో" అన్నాడు యజమాని. "హలో. ఏమయ్యా, రానంటావా? సరేలే, ఇంకెవర్నైనా పిలుస్తాను."

ఆయన ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చేప మూలకి చేరి అరిగించుకుంటోంది. ఒక ఎరా ఒక మాటా తిందంటే పూటంతా ఇక దేన్నీ పట్టించుకునేది కాదు.

"ఎర వెయ్యడం మర్చిపోయావా?" అని తల్లి పిల్లనడిగింది.

"ఒకటే వేశాను" అంది పిల్ల.

ఆ ఆదివారం ముగ్గురూ మధ్యాహ్నందాకా పడుకున్నారు. తర్వాత మేడమీదవాళ్ళ అబ్బాయి పెళ్ళికి కుర్చీలు మోసే పని ఆకుచేప తినేసింది. తోటి పనివాడి బదులు చెయ్యాల్సిన రెండు శనివారాలు తినేసింది. అలాగే గారికి మొదట్లో భయమేసేది, జనం ఏమనుకుంటారో అని. వాళ్ళేమీ అనుకోలేదు. వేరేవాళ్ళని అడిగారు.

ఇలా ఉండగా అక్కయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది, ఆదివారం వస్తున్నానని.

అక్కయ్య అంటే ఆయనకి అమ్మే. ఆయనకి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి అక్కయ్యకి పదిహేను. బడి మానేసి, నోటుపుస్తకాలు కుట్టే కార్ఖానాలో చేరి, తమ్ముణ్ణి పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. ఇప్పుడు పక్క ఊళ్ళో ఆ కార్ఖానా ఆవిడదే. సూది గుచ్చీ గుచ్చీ ఆవిడ బొటనవేలు గట్టిబడి చెక్కలా అయిపోయింది. ఏ చొక్కా వేసుకోవాలో, ఏ పని నేర్చుకోవాలో, ఎవర్ని చేసుకోవాలో అన్నీ ఆవిడే చెప్పింది. చెప్పినవన్నీ మంచివే. ఆ మాట ఆయనకి మొదట అలవాటైంది ఆవిడ దగ్గరే.

శనివారం సాయంత్రం భార్య బస్సు దిగి వచ్చి, సంచి కూడా దించకుండా అంది. "వదినగారు ఎందుకొస్తున్నారో నాకు తెలుసు. పిల్లని అక్కడికి పంపమంటారు. పోయినసారే సగం అన్నారు. నేను వద్దంటే కోడలు వద్దందని అవుతుంది. ఈసారి మీరే చెప్పాలి, పంపనని."

"అలాగే" అన్నాడు ఆయన.

టప్.

"చూశారా" అంది భార్య. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం పొద్దున పిల్ల లేచి, మొహం కడుక్కుని, అత్తయ్య కోసం కుర్చీ తుడిచింది. చేపకి మాత్రం ఎర వెయ్యలేదు. ఎవరూ అడగలేదు.

అక్కయ్య వచ్చింది. భోజనాలయ్యాయి. ముందుగదిలో కూర్చుని, మేనకోడలి జుట్టు సవరించి, లోపలికి వెళ్ళి ఆడుకోమంది. పిల్ల వంటగది గుమ్మందాకే వెళ్ళింది.

"ఒరేయ్ తమ్ముడూ" అంది అక్కయ్య. "అక్కడ బడి బాగుంది. ఆరు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. సాయంత్రం కార్ఖానా మూశాక కత్తెర చప్పుడు కూడా ఉండదు. పిల్లని నా దగ్గర పెట్టు. నిన్ను పెంచినట్టే పెంచుతాను. వచ్చేనెల తీసుకెళ్తాను."

ఆయన గొంతులో మాట అప్పటికే తయారుగా ఉంది, ముప్ఫై ఏళ్ళుగా ఉన్నట్టే.

"అలాగే అక్క..."

టప్.

"మళ్ళీ చెప్పు, చేప తినేసింది" అంది అక్కయ్య.

"అలాగే..."

టప్. చేప పొట్ట రెండువైపులా ఉబ్బింది. ఆకు మెల్లగా తిరిగి, కొమ్మ వెనక్కి పోయి, కన్ను అటు పెట్టుకుంది.

అక్కయ్య తొట్టిలోకి వంగి చూసింది. "దాని కడుపు నిండింది. ఇప్పుడు చెప్పు."

ఇప్పుడు ఆ మాటకి అడ్డు లేదు. అంటే చాలు, గదికి అటువైపు చేరుతుంది. ఆయన తలెత్తాడు. వంటగది గుమ్మంలో కూతురు ఎర సీసాని రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడి ఉంది. సీసాలో చిన్నచేపలు నిన్న ఎన్నున్నాయో అన్నీ ఉన్నాయి. పిల్ల ఆయన వంక చూడటంలేదు. కొమ్మ వెనకున్న చేప వంకే చూస్తోంది. ఇంకొక్క మాట, ఇంకొక్కటి తినవూ అన్నట్టు పెదాలు కదుపుతోంది.

"పిల్లని పంపను అక్కయ్యా" అన్నాడు.

ఆ మాట కొత్త చెప్పులా కరిచింది. అయినా దాంతోనే ఇంకో అడుగు వేశాడు. "నువ్వు ఒక్కదానివే ఉంటున్నావని తెలుసు. తెలిసే చెప్తున్నాను. అది ఇక్కడే ఉంటుంది."

భార్య చేతిలోని గ్లాసుల పళ్ళెం బల్ల మీద పెట్టింది. అక్కయ్య గట్టిబడిన బొటనవేలిని రెండో అరచేతిలో పెట్టుకుని రుద్దుకుంది. ఆ మొహం చూస్తుంటే ఆయనకి మాటని వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

"కాసిని నీళ్ళియ్యమ్మా" అంది అక్కయ్య మరదలితో.

సాయంత్రం బస్‌స్టాపు దాకా ఆయనే సంచి మోశాడు. ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఎండ అవతలి గోడ మీదకి జరిగింది. ఎవరో సైకిలుకి గాలి కొట్టించుకుంటున్నారు.

"నీకు తొమ్మిదేళ్ళప్పుడు" అంది అక్కయ్య, రోడ్డు వంక చూస్తూ, "రోజూ వంకాయే వండేదాన్ని. తక్కువలో వచ్చేది. నువ్వు ఒక్కరోజు కూడా వద్దనలేదు. నీకు ఇష్టమేననుకున్నాను. ఇష్టమేనా?"

ఆయన ఆలోచించాడు. "కాదు అక్కయ్యా."

అక్కయ్య నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నిన్ను అడుగుతూ పెంచాననుకున్నాను. చెప్తూ పెంచాను. పదిహేనేళ్ళదానికి అంతకన్నా ఏం తెలుస్తుందిరా."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. దూరంగా బస్సు మలుపు తిరుగుతోంది. అక్కయ్య లేచి, సంచి అందుకుని, ఏదో కొత్త పని నేర్చుకుంటున్నదానిలా నెమ్మదిగా అడిగింది.

"మళ్ళీ నన్ను ఎప్పుడు రమ్మంటావు?"

తనని అలా ఎవరూ అడగలేదు. బస్సు వచ్చి ఆగేదాకా ఆయన ఆలోచిస్తూనే ఉన్నాడు. కండక్టరు రెండుసార్లు తొందరపెట్టాడు.

"నువ్వు కాదు, మేమే వస్తాం" అన్నాడు. "సెలవుల్లో, ముగ్గురం. పదిరోజులుంటాం. నాకు కుట్టు నేర్పించు, ఎప్పట్నుంచో నేర్చుకోవాలని ఉంది."

అక్కయ్య మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. "ఎప్పట్నుంచి?"

"ఆరేళ్ళప్పట్నుంచి" అన్నాడు ఆయన. బస్సు కదిలింది.