సెనన్ లిల్లిస్ గొంతు

క్లేర్ కౌంటీలో మా ఊరి హర్లింగ్ జట్టుకు సెనన్ లిల్లిస్ ఇరవై ఏళ్లకు దగ్గరగా గోలు కాశాడు. అతని ముందు నిలబడే ఫుల్‌బ్యాక్ మార్టీ టుబ్రిడి. నేను మార్టీకి కుడిపక్కన, మూలలో ఆడేవాణ్ణి. అందుకే ఆ ఇద్దరి సంగతి వాళ్ల ఇళ్లలోవాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు.

సెనన్‌కీ మార్టీకీ మాటల్లేవు. పొయ్యిలోకి పీట్ గడ్డలు కోసుకునే చిత్తడి నేలకు పోయే బండిదారి ఎవరిదన్న దానిమీద వాళ్ల నాన్నలు కోర్టుకెక్కారు. నాన్నలు పోయారు, తగువు మిగిలింది. చర్చిలో ఒకడు ఎడమవైపు కూర్చుంటే రెండోవాడు కుడివైపు. బారులో ఒకడు పొయ్యి దగ్గరుంటే రెండోవాడు తలుపు దగ్గర.

మైదానంలో మాత్రం అలా కుదరదు. కర్రలు తలెత్తున లేచే ఆట. గుప్పెడంత తోలుబంతి నెత్తి మీదికి వస్తుంటే, వెనకనుంచి చూసేవాడు చెప్పకపోతే ముందున్నవాడికి దిక్కు తోచదు. సెనన్ పొట్టిగా, బక్కగా ఉండేవాడు గాని అతని గొంతు రోడ్డు మీదికి వినిపించేది.

“నాదీ! తప్పుకో మార్టీ!”

“ఎడమన దూరుతున్నాడు, చూడరా గుడ్డోడా!” అని మళ్లీ తనే.

“చూశాలేరా! నీ గోలు నువ్వు చూస్కో!” అని మార్టీ వెనక్కి తిరక్కుండానే అరిచేవాడు.

ఆఖరి విజిల్ పడగానే ఇద్దరి నోళ్లూ మూతపడేవి. మా కోచ్ కార్నీ, “వీళ్ల మాటలు వినాలంటే టికెట్టు కొనాల్సిందేరా” అనేవాడు.

మేం కౌంటీ ఫైనల్ దాకా వెళ్లింది ఒక్కసారే. ఆట ముగియబోతోంది, రెండు పాయింట్లు ముందున్నాం. అవతలివాళ్లు ఎక్కడో మధ్యనుంచి బంతిని ఎత్తి కొట్టారు. సెనన్ “నాదీ” అన్నాడు. మార్టీ పక్కకు తప్పుకున్నాడు. బంతి సెనన్ అరచేతికి తగిలి, జారి, గీత దాటింది. గోలంటే మూడు పాయింట్లు. అక్కడితో ఆట అయిపోయింది. డ్రెస్సింగ్ రూములో అందరూ బట్టలు మార్చుకుని వెళ్లిపోయినా సెనన్ హెల్మెట్ తీయకుండా కూర్చునే ఉన్నాడు.

ఆ చలికాలమంతా ఊళ్లో అదే మాట. వసంతం వచ్చేసరికి కమిటీవాళ్లు గోల్లో వేరేవాణ్ణి నిలబెడదామన్నారు. మీటింగులో మార్టీ లేచాడు.

“ఆ బంతి నేనూ కొట్టేవాణ్ణే. వాడు పిలిచాడు, నేను వదిలేశా. రేపు పిలిచినా వదిలేస్తా. వెనక వాడు లేకపోతే ముందు నేనుండను. ఇంకోణ్ణి వెతుక్కోండి.”

కమిటీ వెనక్కి తగ్గింది. ఈ సంగతి సెనన్‌కు చేరవేసింది నేనే. పాలు పితికే మెషిన్ గొట్టాలు కడుగుతున్నాడు. “అలా అన్నాడా?” అన్నాడు. కడగడం మాత్రం ఆపలేదు. మార్టీతో మాట్లాడనూ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడారు. కప్పు రాలేదు. చివరికి మోకాలు అరిగిపోయి సెనన్ ఆట మానేశాడు.

కొత్త గోల్‌కీపర్‌వి చురుకైన చేతులే, కాని నోరు పెగలదు. అతనూ మార్టీ ఒకే బంతికి వెళ్లి ఢీకొన్నారు. మార్టీ భుజం కమిలిపోయింది. మర్నాడు సాయంత్రం మార్టీ వెళ్లి సెనన్ ఇంటి తలుపు తట్టాడు. సెనన్ భార్య బ్రీజ్ తలుపు తీసి, అతన్ని చూసి కంగారుపడి, “ఎవరైనా పోయారా?” అని అడిగిందట.

సెనన్ లోపల్నుంచి వచ్చాడు. మార్టీ గడప ఇవతలే నిలబడి, “ఆ కుర్రాడు మూగోడిలా నిలబడతాడ్రా. ఆదివారం గోలు వెనక్కొచ్చి అరవరా” అన్నాడు.

“నన్ను అక్కడ ఉండనిస్తారా?”

“తరిమేదాకా ఉండు.”

ఆదివారం సెనన్ వల వెనక నిలబడి మొదటి సగమంతా అరిచాడు. “కుడిన! కుడిన! కొట్టవేంరా, దానికి దండం పెడుతున్నావా!” అవతలి జట్టు ఫిర్యాదు చేసింది. రిఫరీ దగ్గరికొచ్చి, “ఏమయ్యా, ఏ జట్టు నీది?” అని అడిగాడు.

“ఏ జట్టూ కాదండీ. రిటైరయ్యాను.”

“మరి ఆ గొంతునీ రిటైర్ చేయించు” అని కంచె బయటికి పంపేశాడు.

మార్టీ కర్ర మీద వాలిపోయి నవ్వాడు. మైదానంలో అతను నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఆ ఏడాది చివర్లో మార్టీ కూడా ఆట మానేశాడు.

ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటాయి. దారి తగువు తేలలేదు, ఇద్దరూ దాని ఊసెత్తరు. ఆదివారాలు మాత్రం సెనన్ కారులోనే కలిసి మ్యాచులకు వస్తారు. కిందటి వారం నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. ఎన్నిస్ టౌను దాటాం. అప్పుడు మార్టీ అన్నాడు, “వచ్చే నెల నాకు తుంటి ఆపరేషన్.”

“ఆవులనెవరు చూస్తారు?” అన్నాడు సెనన్.

“మా చెల్లెలి కొడుకు వస్తానన్నాడు.”

“వాడికేం తెలుసు, టౌనువాడు. నేను చూస్తాలే.”

మార్టీ కోటు జేబులోంచి పిప్పరమెంట్ల పొట్లం తీసి, సెనన్‌కొకటి ఇచ్చి, వెనక్కి తిరిగి నాకొకటి ఇచ్చాడు.