ఏడో పేరు

ఆ పిల్లకి పేర్లకేం కరువు లేదు. ఆస్పత్రి కాగితం మీద నోరు తిరగని పేరొకటి ఉంది. మేనత్త ఏరికోరి పెట్టింది, పెట్టిన మర్నాటినుంచి తనే టింకూ అంటోంది. నాయనమ్మకి చిట్టితల్లి, తాతకి దొరసాని, తండ్రికి పండు, పక్కింటావిడకి బొద్దుపాప. ఎవరు ఏ పేరుతో పిలిచినా పిల్లకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పది నెలలొచ్చాయి, ఒక్క పిలుపుకీ తల తిప్పలేదు.

మొదట్లో అందరూ మురిసిపోయారు, ఎంత పొగరో చూడండి అని. తర్వాత ఒకరోజు తాత వెనకనుంచి పళ్ళెం మీద గరిటెతో కొట్టి చూశాడు. పిల్ల తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే పనిలో ఉంది, పళ్ళెం సంగతి పట్టించుకోలేదు. ఇంట్లో అందరి మొహాలూ మాడిపోయాయి. పిల్లకి వినపడదన్న మాట బయటికి అన్నది మాత్రం నాయనమ్మే, అదీ కోడలితో.

"చెప్తే వినవు. నెల తిరక్కుండానే ఆ మిషను పక్కన పడుకోబెట్టావు. ఆ రొదకి పిల్ల చెవులు పోయాయి."

కోడలు దర్జీ. ముందుగదిలో మోటారు మిషను, గోడవారగా స్కూలు యూనిఫాంల కట్టలు, వాటి పక్కనే ఉయ్యాలతొట్టి. పొద్దున ఎనిమిదింటికి మోటారు మొదలైతే వీధి చివరికి వినపడుతుంది. కుట్టుపనంటే ఆమెకి ప్రాణం. కాలరు వంపు చూసి ఇది ఆవిడ కుట్టిందే అని చెప్పేస్తారు తెలిసినవాళ్ళు. అత్తగారన్నదే నిజమైతే, కన్నబిడ్డ చెవులు తన చేతులతో తనే పోగొట్టినట్టు కదా. ఆ పూటే మిషను మీద దుప్పటి కప్పేసింది. పిల్లకి వినపడదని తేలితే ఆ దుప్పటి ఇక తియ్యనని మనసులో ఒట్టు పెట్టుకుంది.

చెవుల పరీక్షకి అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, అయినా ఇంట్లో ఉండమంటే ఉండే మనిషా. ఆస్పత్రి వరండాలో రెండు గంటలు నిలబడ్డారు.

పరీక్ష చేసే ఆవిడ వయసులో చిన్నదే, ఓపిక మాత్రం బోలెడు. పిల్లని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి చేతికి రంగు చెక్కముక్క ఇచ్చింది. ఆయా వెనకనుంచి గంట మోగించింది. చెక్కముక్క నోట్లోకి వెళ్ళింది. ఆయా గిలక్కాయ ఊపింది, చప్పట్లు కొట్టింది, కాగితం మీది పేరుతో పిలిచింది. అబ్బే.

"ఇంట్లో ఏమని పిలుస్తారు?"

కోడలు ఆ పేర్ల దండకమంతా చదివింది. ఆయా ఒక్కొక్కటే పిలిచి చూసింది. పిల్ల చెక్కముక్క అంచులు చప్పరిస్తూ కూర్చుంది.

"మరి మీరో?"

"నేనా? నేనేం పిలవనండీ. పక్కనే ఉంటుందిగా, ఎత్తుకుంటాను."

ఆవిడ తల వంచుకుని ఏదో రాసుకుంది.

"ఇలా తేలేట్టు లేదమ్మా. నిద్రపుచ్చి, తలకి వైర్లు పెట్టి చూడాలి."

అప్పటిదాకా అత్తగారు వెనక తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆయాకి జాలేసి కుర్చీ లాగింది. పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూలబడుతూ, సన్నగా "హమ్మయ్య" అంది.

పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగింది. చెక్కముక్క కింద పడింది. రెండు చేతులూ పైకెత్తి, ఉన్న రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వింది.

పరీక్ష చేసే ఆవిడ కలం ఆగిపోయింది. "పెద్దమ్మగారూ, ఇప్పుడేమన్నారు?"

"నేనేమన్నానమ్మా? మోకాళ్ళు పీకుతుంటే కూర్చున్నాను."

"కూర్చుంటూ ఏదో అన్నారు."

"హమ్మయ్య అన్నాను. తప్పా?"

పిల్ల మళ్ళీ చేతులెత్తింది. పరీక్ష చేసే ఆవిడ లేచి ఎడమవైపు వెళ్ళి గుసగుసగా ఆ మాటే అంది. పిల్ల ఎడమవైపు తిరిగింది. కుడివైపు వెళ్ళి అంది. కుడివైపు తిరిగింది. ఇన్నిసార్లు చేతులెత్తినా ఎవరూ ఎత్తుకోరేమని మూతి ముడుచుకుంది కూడా.

కోడలికి అప్పుడు వెలిగింది. చొక్కా పూర్తయితే దారం కత్తిరిస్తుంది, మోటారు ఆపుతుంది, నడుం విరుచుకుని "హమ్మయ్య" అంటుంది. అన్నాకే పిల్లని ఎత్తుకుంటుంది. రోజుకి పది పన్నెండు సార్లు. పిల్లని గుండెకి అదుముకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"గుసగుస వినపడిందంటే ఇంకేం కావాలి? వైర్ల పరీక్ష పద్ధతి ప్రకారం చేయిద్దాం, నాకైతే బెంగ లేదు," అంది ఆవిడ. "మనం వాగేదాంట్లో తమకి పనికొచ్చే ముక్కని పిల్లలే ఏరుకుంటారు. ఆరు పేర్లలో తనదేదో దానికెలా తెలుస్తుంది? ఈ ఏడోది విన్నప్పుడల్లా మీ చంకెక్కింది. ఇక గంటలూ గిలక్కాయలూ అంటారా, మోటారు పక్కన పెరిగిన పిల్లకి అవీ ఒక చప్పుళ్ళేనా? తొట్టి మాత్రం దూరంగా జరపండి."

దారి పొడుగునా కనిపించిన ప్రతివాళ్ళకీ అత్తగారు "మా పిల్ల నా గొంతుకే తిరిగింది" అని చెప్పుకుంటూ వచ్చింది. వైర్ల పరీక్షలోనూ చెవులు భేషుగ్గా ఉన్నాయని తేలిన రోజు, మిషను మీది దుప్పటి తనే లాగేసింది.

"కుట్టుకో. పిల్లని వెనకగదిలో నా దగ్గర ఉంచుకుంటాను. నీ పని ఆపమని ఎవరంటారో నేనూ చూస్తా."

అన్నది తనేనని గుర్తు చేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది.

నెల తిరిగింది. ఓ మధ్యాహ్నం కోడలు చొక్కా ముగించి, దారం కత్తిరించి, మోటారు ఆపింది. నడుం విరుచుకుంది. ఇంకా నోరు తెరవనేలేదు.

"మ్మయ్య," అని వినపడింది వెనకగదిలోంచి.

కోడలి చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. పిల్ల ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా, పని అయిందిగా ఇక రా అన్నట్టు. ఆ ఏడో పేరు తనది కాదు, అమ్మది అని పిల్ల ఎప్పుడో తేల్చుకున్నట్టుంది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"అలా చూస్తావేం, వెళ్ళు," అంది. "నిన్ను పిలుస్తోంది."