అట్టపెట్టెల గది

ఫిలిప్పీన్స్‌లోని జెనరల్ సాంటోస్ రేవులో ట్యూనా చేపను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉంది. జోవెలిన్ అందులో మళ్ళీ పనికెక్కేసరికి ఆమె కొడుకు నోనోయ్ ఇంకా బోర్లా పడటం లేదు. మొగుడు చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. పిల్లాణ్ణి అత్త ఇసింగ్ ఒళ్ళో పెట్టి, రోజూ పొద్దున్నే జీపెక్కేది.

అక్కడ పనంతా నిలబడే. ఉడికిన చేప తోలు ఒలవాలి, ముళ్ళు ఏరాలి, ముక్కలు పళ్ళెంలో సర్దాలి. మధ్యాహ్నానికి రొమ్ములు రాయిలా గట్టిపడేవి. తల్లులు పాలు తీసుకోవడానికి గది ఉండాలని చట్టం. గదీ ఉంది, తలుపు మీద పేరూ ఉంది. లోపల మాత్రం కప్పు దాకా అట్టపెట్టెలు. అందుకని మరుగుదొడ్లో కూర్చుని చేత్తో పిండుకునేది. బయట ఎవరో ఒకరు తలుపు బాదుతూనే ఉండేవారు. ఆ కంగారుకి పాలు దిగేవి కావు.

"ఏంటే, చుక్కల మందు తెచ్చినట్టు తెచ్చావు?" అనేది సాయంత్రం అత్త, పాల సీసా చూసి. "వాడు గుక్కపట్టి ఏడిస్తే చూసేది నేను. డబ్బా పాలు పట్టేశాను."

జోవెలిన్ సంచీ కింద పెట్టి పిల్లాణ్ణి అందుకునేది.

ఒకరోజు పనిలో ఉండగానే చలిజ్వరం వచ్చింది. ఒక రొమ్ము ఎర్రబడి సలుపుతోంది. ఫ్యాక్టరీ నర్సు మాత్రలిచ్చి, పాలు నిలవ ఉండనివ్వకు, తీసేస్తూ ఉండు అంది. ఎక్కడ తియ్యాలో మాత్రం చెప్పలేదు.

"ఇంక పాలివ్వడం మానేస్తానక్కా," అంది పక్కబల్ల దలిసాయ్‌తో. "నావల్ల కాదు."

"నీకు మానాలనుంటే మానెయ్. మా పెద్దోడు డబ్బా పాలే తాగాడు, దున్నపోతులా ఉన్నాడు. ఆ పనికిమాలిన పెట్టెల కోసం మానతావా ఏంటి?"

భోజనాల వేళ దలిసాయ్ మరో నలుగురిని వెంటేసుకుని ఆ గది తెరిచింది. పెట్టెలన్నీ వరండాలోకి చేరవేశారు. జోవెలిన్ చెయ్యి వెయ్యబోతే, "నువ్వు కూర్చోవే తల్లీ, పడిపోతే నిన్ను కూడా మొయ్యాలి," అని కసిరారు.

అంతలో మేనేజరు వచ్చాడు. "ఎవరు చెప్పారు మీకిది?"

వాళ్ళ పని చూసే లైన్ లీడర్ ఫిలొమేనా ముందుకొచ్చింది. ఒక్క నిమిషం ఆలస్యమైనా పదిమందిలో నిలబెట్టి తిట్టే మనిషి.

"నేనే చెప్పాను సార్."

ఆమె చెప్పనేలేదు. ఆడవాళ్ళంతా తలలొంచుకుని రబ్బరు బూట్ల వంక చూసుకున్నారు.

పెట్టెలు మళ్ళీ లోపలికి పోలేదు. గదికి ఫ్యాను లేదు, ఒక్క కుర్చీ ఉంది, కిటికీకి దలిసాయ్ పాత దుప్పటి కట్టింది. ఆ వారమే ఫిలొమేనాను లైన్ నుంచి తీసి చేపలు నిలవచేసే చల్లటి గోదాములో వేశారు. జోవెలిన్ వెతుక్కుంటూ వెళ్ళింది. ఫిలొమేనా రెండు స్వెట్టర్లు తొడుక్కుని ఉంది.

"అక్కా, నా మూలాన..."

"ఏడుపు మొహం పెట్టకు. ఇక్కడ ఈగలైనా లేవు. నీ టైమైపోతోంది, పోయి పాలు తీసుకో."

జ్వరం తగ్గింది. అలసట తగ్గలేదు. సాయంత్రం అత్త సీసాని వెలుగుకి ఎత్తి చూసింది. "రేపు పొద్దుటికి సరిపోతాయి. మధ్యాహ్నం డబ్బా పాలే."

జోవెలిన్ సరేనంది. నీచువాసన పోయేదాకా చేతులు కలమన్సి నిమ్మకాయతో రుద్దుకుని, గోడకానుకుని పిల్లాణ్ణి తీసుకుంది. వాడు ఆబగా పట్టుకున్నాడు. వాడు రెండో పక్కకి మారకముందే ఆమె కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోయింది. ఇసింగ్ కాసేపు చూసి, కోడలి మోచేతి కిందకి ఒక దిండు తోసింది.