కుడిచేతి అలక

నా కుడి చెయ్యి పక్క మంచం మీద అలిగి కూర్చుంది. మోచేతి దాకా దుప్పటి కప్పుకుని, వేళ్లను గోడవైపు తిప్పుకుంది. గాజులు మాత్రం తీసి నా దిండు పక్కన పెట్టి వెళ్లింది.

దానికి కోపం రావడంలో వింతేమీ లేదు. మాది ఆత్రేయపురం. పొయ్యి మీద బోర్లించిన కుండ కాలుతుంటే, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క ఊపున లాగి పూతరేకు తీసేది ఈ చెయ్యే. నిన్న పొద్దున గుడ్డ జారిపోయింది. పిండి చిక్కబడిందనుకుని నీళ్లు పోశాను. మళ్లీ జారితే మళ్లీ పోశాను. ఆ తర్వాత నా మాట కూడా జారిపోతుంటే మా ఆయన అబ్బులు చూసి, ఉన్నపళంగా కారెక్కించి ఈ ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

తలలో దారికి అడ్డం పడ్డ రక్తపు గడ్డను డాక్టర్ సుహాసిని గారు తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి బయటికి లాగేశారు. ఇప్పుడది కిటికీలో, స్టీలు గిన్నెలో కూర్చుని కాఫీ తాగుతోంది. మినపగింజంత ఉంటుంది. నా మాట ఇంకా కూడుకోలేదు కనుక అడగాల్సినవన్నీ మా ఆయనే అడుగుతాడు. ఎందుకు అడ్డం పడ్డావని అడిగితే గడ్డ మర్యాదగా లేచి నిలబడుతుంది.

"ఊరికే కాసేపు ఆగానండి. ఎనకాల ఇంతమంది వత్తన్నారని నాకేం తెలుసండి."

దాని మీద కోపం తెచ్చుకోవడం కష్టం. మా ఆయన ఇంకో అరగ్లాసు కాఫీ పోస్తాడు.

ఆ వెనకాల వచ్చినవాళ్లు ఇంకా నా తలలోనే ఉన్నారు. డాక్టర్ గారు వాపు అంటారు గాని, మగపెళ్లివారిలా దిగారు. ఒకటే గోల, ఒకటే ఉక్క. గడ్డ వెళ్లిపోయినా వాళ్లు కదలడం లేదు. వాళ్లు వెళ్తేగాని చెయ్యి తిరిగి రాదని డాక్టర్ గారు అంటారు. అలిగినవాళ్లు గోల ఉన్న ఇంటికి రారట.

సిస్టర్ నా రక్తం తీస్తుంది. గొట్టంలోకి చెప్పులు వస్తాయి. ఆవగింజంత చెప్పులు, కొత్తవీ పాతవీ, మడమ ఎత్తువీ. ట్రేలో కుప్ప పోస్తే డాక్టర్ గారు కళ్లజోడు సర్దుకుని వంగి చూస్తారు.

"లోపలికెళ్లి చూడలేం కదమ్మా. గుమ్మం ముందు చెప్పులు చూసి ఎంతమందున్నారో అంచనా వెయ్యాలి. చాలామందే ఉన్నారు."

నాకు భయం వేస్తుంది. మా వీధిలో నన్ను మొహం చూసి కాదు, రేకు పలచదనం చూసి గుర్తుపడతారు. చెయ్యి రాకపోతే నన్ను వీరవేణి అని ఎవరు పిలుస్తారో తెలియదు.

దారి తెలిసింది గడ్డకే కాబట్టి, మా ఆయన దాన్నే నా చెవి దగ్గరికి రాయబారం పంపుతాడు. అది లోపలికి తొంగిచూసి వచ్చి, పెళ్లివారు పూతరేకులు తినకుండా కదిలేది లేదంటున్నారని చెబుతుంది.

ఇంటి నుంచి తెచ్చిన రేకుల పొట్లం ఒకటి ఉంది. నేను ఆత్రపడి అవన్నీ ఎడమచేత్తో చెవిలోకి అందిస్తాను. మర్నాడు ట్రేలో చెప్పుల కుప్ప రెట్టింపవుతుంది. ఎడమచేత్తో పెట్టానని నొచ్చుకుని, పెళ్లివారు తమ తరఫు పెద్దల్ని కూడా పిలిపించుకున్నారు. పక్క మంచం మీద కుడి చెయ్యి ఇంకాస్త గోడకు జరుగుతుంది. తన పని ఎడమదానితో చేయించానని దానికి తెలిసిపోయింది.

మా ఆయన అలకపాన్పు బేరం మొదలుపెడతాడు. ఉంగరం చేయిస్తానంటాడు. వాచీ అంటాడు. వేళ్లు కదలవు. మోటారు సైకిలు అనగానే బొటనవేలు కాస్త ఆలోచనలో పడుతుంది గాని, మళ్లీ ముడుచుకుంటుంది.

అప్పుడు ఎడమ చెయ్యి నన్ను అడగకుండానే మంచం దిగుతుంది. దిండు పక్కనున్న గాజులు పట్టుకుని, వేళ్ల మీద నడుస్తూ వెళ్లి కుడిదాని పక్కన కూర్చుంటుంది. గాజులు ఒక్కొక్కటే తొడుగుతుంది.

"రావే," అంటుంది. "ఒక్కదాన్నే జడ కూడా అల్లలేకపోతన్నాను."

నాకు ఏడుపొస్తుంది. ఈ రెండూ ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాయి, ఒకదాన్నొకటి పిలుచుకోవడం ఎప్పుడూ వినలేదు.

చిటికెన వేలు కదులుతుంది. తర్వాత ఉంగరం వేలు. కాసేపటికి రెండూ గాజులు గలగలమనిపిస్తూ వచ్చి, తమ తమ భుజాలకు ఎక్కుతాయి.

కుండ వెతుక్కోవాల్సిన పని లేదు, లోపలి ఉక్కకు నా నుదురు కాలుతూనే ఉంది. సిస్టర్ గ్లాసులో పిండి కలిపిస్తుంది. కుడి చెయ్యి గుడ్డ ముంచి నుదుటి మీద లాగుతుంది. రేకు చిరుగుతుంది. నేను పిండిలో నీళ్లు పొయ్యను, ఊరుకుంటాను. చాలా రేకులు చిరిగాక, ఒకటి పొరలా లేస్తుంది. మా ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని, అందులోంచి నన్ను చూసి నవ్వుతాడు. నాకు పట్టలేని సంతోషం.

ఇక రోజూ కుడి చెయ్యి రేకులు తీస్తుంది, నెయ్యి రాసి పంచదార చల్లి చుడుతుంది, చెవిలోకి వడ్డిస్తుంది. పెళ్లివారు తిని, పొట్లాలు కట్టించుకుని వెళ్తుంటారు. ట్రేలో కుప్ప తగ్గుతుంది. గడ్డ కూడా కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, సెలవు తీసుకుంటుంది.

ఒక పొద్దున గొట్టంలో ఒక్క జతే వస్తుంది. హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు. ఒక్కరే మిగిలారని, ఎవరో తెలియడం లేదని డాక్టర్ గారు అంటారు. మా ఆయన వంగి చూస్తాడు.

"ఇయి మా ఆవిడయ్యేనండి."

నా చెవిలోంచి వేలి కణుపంత నేను బయటికి వస్తాను. పెళ్లింట్లో చివరిదాకా ఉండి గిన్నెలు సర్దినదాన్ని కదా, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉన్నాను. ట్రేలోకి దిగి చెప్పులేసుకుంటాను. నా బుల్లి కుడిచేతిలో నాకోసం దాచిన ఒక్క రేకు ఉంది. దిండెక్కి, గడ్డం పట్టుకుని పైకి పాకి, మంచం మీదున్న నా నోట్లో పెడతాను.

మంచం మీద నేను నిదానంగా నములుతాను. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

"నెయ్యి తక్కువేశావే," అంటాను. ఒక్క అక్షరం కూడా జారదు.

గడ్డం మీద నిలబడ్డ నేను, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, అలుగుతాను.